కలర్ మాస్టరుకు అప్పగించిన పాము

ఆ ఆదివారం పొద్దున సదానందం వేసుకున్న పథకం చాలా చిన్నది. స్కూటరు కడగాలి. మూలమీది దుకాణంలో శనగపిండి లోచో కట్టించుకుని వచ్చి, దాని మీది వెన్న గడ్డకట్టకముందే తినాలి. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడకుండా పడుకోవాలి. వారానికి ఆరు రోజులు ఖటోదరాలోని డైయింగ్ మిల్లులో రంగు నీళ్ల ఆవిరిలో నిలబడే మనిషికి ఇంతకంటే పెద్ద కోరికలు పుట్టవు.

స్కూటరుకు సబ్బు పట్టించి నీళ్ల పైపు చేతిలోకి తీసుకున్నాడో లేదో, మూడో అంతస్తులో ఉండే డాక్టరమ్మ శ్రీలేఖ గబగబా మెట్లు దిగి వచ్చింది. ఒక చేతిలో సూట్‌కేసు ఉంది. ఇంకో చేతిలో, చంకకు ఆనించి పట్టుకున్న గాజుపెట్టె ఉంది.

"అంకుల్, మీరొక సాయం చేయాలి. కాదనకూడదు," అంది.

కాదనడానికి సదానందానికి నోరు లేదు. కిందటేడు అతని భార్య లతకు కడుపులో రాళ్లు కదిలి ప్రాణం మీదికి వచ్చినప్పుడు, డ్యూటీ కాకపోయినా ఆ పిల్ల ఆసుపత్రిలో రాత్రంతా పక్కనే కూర్చుంది. ఆమె కాకినాడ నుంచి సూరత్ వచ్చి మూడేళ్లయింది. పర్వత్ పాటియాలోని ఆ సొసైటీలో ఆమెకు తెలుగు మాట్లాడే ఇల్లు ఇదొక్కటే. ఇప్పుడు చండీగఢ్‌లో పది నెలల శిక్షణ. అక్కడి హాస్టల్లో పిల్లిని కూడా ఉండనివ్వరట.

"పిల్లినా?" అన్నాడు సదానందం పెట్టెలోకి తొంగిచూస్తూ.

పెట్టెలో పిల్లి లేదు. పెన్సిలంత లావు, జానెడుకు కొంచెం ఎక్కువ పొడవున్న పాము పిల్ల ఉంది. బూడిద రంగు ఒళ్లు, వీపు పొడవునా నల్లటి అంచులున్న మచ్చలు.

"విషం లేదంకుల్. పాపం, కరవడం కూడా సరిగా రాదు. కార్న్ స్నేక్ అంటారు, మన దేశంది కాదు. వారానికి ఒక చిన్న ఎలుక వేస్తే చాలు. గడ్డకట్టించినవి నా చిన్న ఫ్రిజ్‌లో ఉన్నాయి, ఆ ఫ్రిజ్ కూడా మీ బాల్కనీలో పెట్టిస్తాను. నీళ్లు రోజూ మార్చండి." గేటు దగ్గర కారు హారన్ కొట్టింది. ఆమె గొంతులో తొందర పెరిగింది. "అన్నిటికంటే ముఖ్యం రంగు. దీన్ని నేను తీసుకున్నదే రంగు కోసం. దాని మీద ఒక కన్నేసి ఉంచండి. మీరు కలర్ మాస్టరు, మీకు నేను చెప్పాలా!"

"రంగు ముచ్చట నాకు ఇడిసిపెట్టు బిడ్డా. ఇరవై ఆరేండ్ల సంది నా చేతిల ఒక్క శేడు తప్పలే."

"పేరు బెల్లం!" అని అరిచి ఆమె కారెక్కింది.

"బూడిద రంగు దానికి బెల్లమేంది?" అని అతను అడిగాడు. ఆమె ఏదో చెప్పింది గాని హారన్‌లో కలిసిపోయింది.

సదానందం తడి చేతులు లుంగీకి తుడుచుకుని గాజుపెట్టెను లోపలికి మోసుకుపోయాడు. చీరలకు చెమ్కీలు అతికిస్తూ కూర్చున్న లత తలెత్తి చూసి, ఒళ్లోని చీరతో సహా మంచమెక్కింది.

"పామా! ఇంట్లకా! అది హాల్ల ఉంటే నేను వంటింట్ల ఉంట. అది వంటింట్లకొస్తే మాత్రం నేను సిరిసిల్ల బండెక్కుత."

"డాక్టరమ్మది."

లత మెడ చాచి పెట్టెలోకి చూసింది. తర్వాత మంచం మీది నుంచే, "దానికి ఎండ తగులుతున్నది. జర లోపలికి జరుపు," అంది.

* * *

కలర్ మాస్టరు పని అంటే ఏమిటో సదానందాన్ని అడిగితే ఒక్క మాటలో చెప్పేవాడు: "మారకుంట చూసుడు." బయ్యరు చేతివెడల్పు గుడ్డముక్క పంపుతాడు. మిల్లులో తయారయ్యే బట్టంతా మొదటి మీటరు నుంచి చివరి మీటరు దాకా ఆ ముక్క రంగులోనే ఉండాలి. ఉతికినా, ఎండలో వేసినా, చెమట పట్టినా అలాగే ఉండాలి. మారిందంటే లాటంతా వెనక్కి వస్తుంది. కాబట్టి శ్రీలేఖ "రంగు మీద కన్నేసి ఉంచండి" అన్నప్పుడు అతనికి అర్థం కానిది ఏమీ కనిపించలేదు. శాంపిల్ ఇచ్చింది. పది నెలల తర్వాత వచ్చి తీసుకుంటుంది. అప్పటికి శేడు తప్పకూడదు.

మొదటి వారంలోనే, ఉత్తరం వైపు కిటికీ దగ్గర, పొద్దున పదింటి వెలుతురులో, అన్ని వైపుల నుంచీ నలభై ఫొటోలు తీశాడు. వాటిలో ఒకటి శ్రీలేఖకు పంపాడు. ఆమె ముద్దొస్తున్న బొమ్మ ఒకటి తిరుగు పంపింది.

రెండు నెలలు సుఖంగా గడిచాయి. ఈలోగా లత మంచం దిగింది. పగలంతా ఇంట్లో ఒంటరిగా చెమ్కీలు అతికించే మనిషికి, ఎదురు చెప్పకుండా వినేవాళ్లు దొరకడం మామూలు విషయం కాదు. "ఇగో బెల్లం, ఈ సేఠ్ చూసినవా, చీరకు చెమ్కీలు పెంచిండు గని కూలి పెంచలే," అని పెట్టె వైపు తిరిగి చెప్పేది. బెల్లం నాలుక బయటపెట్టి లోపలికి తీసుకునేది. ఎలుకను గోరువెచ్చని నీళ్లలో కరిగించే పని మొదట సదానందానిది. క్రమంగా అదీ లత చేతికి వచ్చింది.

మూడో నెలలో ఒక పొద్దున నీళ్లు మారుస్తూ సదానందం ఆగిపోయాడు. బెల్లం గొంతు కింద, దవడ అంచున, లేత పసుపు కనిపించింది. ఇంకొకరైతే చూసేవారు కాదు. అతని కన్ను మాత్రం అక్కడే అతుక్కుపోయింది.

"లతా! పసుపు చేతితోని దీన్ని ముట్టినవా?"

"నేను బెల్లాన్ని ముట్టేముందు చెయ్యి కడుగుత, ముట్టినంక గూడ కడుగుత. ముందు నీ గోర్లు చూసుకో."

చూసుకున్నాడు. నిన్న మిల్లులో మామిడిపండు రంగు లాటు నడిచింది. ఎంత తోమినా పోని పసుపు అతని పది గోళ్ల కిందా ఉంది. డాక్టరమ్మ ప్రాణంగా చూసుకునే పాముకు మిల్లు రంగు అంటించింది తనే!

వెంటనే తెల్ల చేతిరుమాలు తడిపి, మిల్లులో బట్టను పరీక్షించినట్టే, పాము గొంతు మీద మెత్తగా పదిసార్లు రుద్దాడు. రుమాలు తెల్లగానే ఉంది. మిల్లులో గుడ్డ తెల్లగా ఉంటే స్వీట్లు పంచుకుంటారు. ఇక్కడ అతను నేల మీద కూలబడ్డాడు.

"ఏమైంది?" అంది లత.

"రంగు దిగుతలేదు. పక్కాగ పట్టింది."

ఆ వారమే బెల్లం కళ్లు నీలిగా మసకబారాయి. ఒంటి మీద దుమ్ము కప్పినట్టు రంగంతా మాసిపోయింది. లత భయపడింది గాని సదానందానికి ప్రాణం లేచి వచ్చింది. పసుపు కనబడటం లేదు. నాలుగు రోజుల తర్వాత పొద్దున లేచి చూస్తే, పెట్టెలో ఒక మూల పల్చటి కుబుసం చెక్కుచెదరకుండా పడి ఉంది. ఇంకో మూల బెల్లం ఉంది. కొత్త ఒంటితో, ముందుకంటే ఎక్కువ పసుపుతో.

కుబుసాన్ని ఎత్తి కిటికీ వెలుతురుకు పట్టుకుని అతను చాలాసేపు చూశాడు. అందులో ఏ రంగూ లేదు. మచ్చల గీతలు మాత్రం పొగమంచులో గీసినట్టు లీలగా ఉన్నాయి. అంటే రంగు పై తొక్కది కాదు, లోపలి నుంచి వస్తోంది. తన గోళ్ల తప్పు కాదన్నమాట! ఒక నిమిషం తేలికపడ్డాడు. లోపలి నుంచి పసుపు ఎందుకు వస్తుందని ఆలోచించేసరికి ఆ తేలిక పోయింది.

"పసిరికలు, కామెర్లు," అంది లత మెల్లగా. "మా చిన్నమ్మకు గట్లనే గొంతు కాడ మొదలైంది."

బెల్లాన్ని దిండుగలీబులో పెట్టుకుని ఉధనా వైపున్న పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లారు. కుక్కలతో నిండిన ఆ గదిలో దిండుగలీబు కదలగానే వాళ్ల వంతు ముందుకు వచ్చింది. డాక్టరు దూరం నుంచే చూశాడు. తింటుందా అని అడిగాడు, తింటుందన్నారు. కదులుతుందా అన్నాడు, కదులుతుందన్నారు. పెరుగుతుందా అంటే, రెండింతలైందని లత గర్వంగా చెప్పింది. "అయితే జబ్బు మీకే ఉంది," అని హిందీలో అని డాక్టరు తరువాతి కుక్కను పిలిచాడు. బయటికి వచ్చాక సదానందం తల అడ్డంగా ఊపాడు. చదువుకున్నవాడే గాని రంగు తెలిసినవాడు కాదని తేల్చాడు.

చివరికి ఫోనును నోటి దగ్గర పెట్టుకుని, "పాము పసుపు పచ్చగ అయితే ఏమైతది?" అని అడిగాడు. కలలో పసుపు పాము కనిపిస్తే ఇంట్లో శుభకార్యం జరుగుతుందని ఫోను చెప్పింది. లత సంతోషించింది. సదానందం సంతోషించలేదు, ఎందుకంటే అతనికి పాము కలలో కనబడటం లేదు.

* * *

అదే సమయంలో శ్రీలేఖ నుంచి సందేశం వచ్చింది. "బెల్లం ఎలా ఉంది అంకుల్? రంగులో ఏమైనా మార్పుందా?"

సదానందం ఆ సందేశాన్ని అరగంట సేపు చూశాడు. నిజం చెప్పేద్దామనే అనుకున్నాడు. కాని 'ఇరవై ఆరేండ్ల సంది శేడు తప్పలే' అని తను అన్న మాట అడ్డం వచ్చింది. ఆ పిల్ల అక్కడ దూరాన చదువుకుంటోంది, దాని మనసెందుకు పాడు చేయాలి? అనుకున్నాడు. ఫోనులోని నలభై ఫొటోల్లో ఇంతవరకు పంపనిది ఒకటి వెతికి పంపాడు. కింద ఇలా రాశాడు: "ఏ మార్పు లేదు బిడ్డా. ఇచ్చినప్పుడు ఎట్లుందో గట్లనే ఉంది."

"అస్సలు లేదా?"

"ఆవగింజంత గూడ లేదు."

"అవునా!! సరే, ఇంకో నెల చూద్దాం."

ఆ రెండు ఆశ్చర్యార్థకాలను అతను మెచ్చుకోలు కింద లెక్కవేసుకున్నాడు. ఇంకో నెల చూద్దామనడం మాత్రం కొంచెం వింతగా తోచింది. బయ్యర్లు కూడా ఒక్కోసారి అలా రెండోసారి శాంపిల్ అడుగుతారులే అని సరిపెట్టుకున్నాడు.

తర్వాతి నెల ఆమె అడిగింది. ఇంకో పాత ఫొటో వెళ్లింది. ఆ తర్వాతి నెల మరొకటి. ఇటు పెట్టెలో బెల్లం ప్రతి కుబుసంతోనూ ఒక మెట్టు ఎక్కుతూ పోయింది. గొంతు దగ్గరి పసుపు పక్కలకు పాకింది. మచ్చల నలుపు తగ్గి గోధుమ రంగులోకి తిరిగింది. వాటి మధ్య బూడిద రంగు ఏ రోజు పోయిందో తెలియకుండానే పోయింది. రోజూ మిల్లు నుంచి రాగానే అతను ముందు కాళ్లు కడుక్కునేవాడు, తర్వాత పెట్టె ముందు గొంతుక్కూర్చునేవాడు. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఏమిటో పట్టుకోవాలని చూసేవాడు. భయంతో మొదలైన ఆ చూపు ఎప్పుడు మారిందో అతనికీ తెలియదు. ఒక రోజు లత అన్నం పెట్టి మూడుసార్లు పిలిచినా లేవలేదు.

"రేపటికేమైతదో చూడాలె," అన్నాడు.

"మంచిగనే ఉన్నది కదా. పచ్చగైతే ఏంది? డాక్టరమ్మకు ఉన్నదున్నట్టు చెప్పు."

"నీకు తెల్వది. ఒప్పుకున్న శేడు వేరే, ఇది వేరే."

శ్రీలేఖ సందేశాలు పొట్టిగా మారసాగాయి. ఎనిమిదో నెలలో "ఇంకా అలాగే ఉందా?" అని మాత్రమే వచ్చింది. పదో నెల చివర ఫోను చేసింది. "వచ్చే ఆదివారం వస్తున్నా అంకుల్. బెల్లం విషయంలో ఒక పెద్దమనిషి సంగతి తేల్చాలి," అంది. ఆ గొంతు వినగానే ఆ పెద్దమనిషి తనేనని సదానందానికి ఖాయమైపోయింది.

మర్నాడు మిల్లులో బాయిలరు దగ్గర పనిచేసే లింగానికి గోడు చెప్పుకున్నాడు. లింగం వేములవాడ వైపు మనిషి. ఏ సమస్యనైనా బీడీ అయిపోయేలోగా తేల్చేస్తాడు.

"మాస్టర్, లాటు చెడిపోతే మనమేం జేస్తం? వేరే లాటు పంపుతం."

"పాములు లాట్లల్ల దొరుకుతయారా?"

"వరాఛాల కిశోర్‌భాయ్ అని ఒకాయన ఉన్నడు. హీరాలు ఏరే పని. ఇంటి మీద గదిల గిసొంటి పాములే సాదుతడు. మా మేస్త్రి చూసొచ్చిండు."

సదానందం ఆ సాయంత్రం లాబులో కూర్చుని, మొదటి ఫొటోను పక్కన పెట్టుకుని, బెల్లం అసలు బూడిద రంగుకు సరిపడేలా ఒక గుడ్డముక్కను అద్దాడు. మూడోసారికి అచ్చుగుద్దినట్టు కుదిరింది. గురువారం సెలవు పెట్టి, బెల్లాన్ని దిండుగలీబులో వేసుకున్నాడు. గుమ్మం దగ్గర లత ఎదురు నిలబడింది.

"ఇచ్చేస్తవా?"

"మార్పిడే."

"దాని తల మీద ఈటెమొన లెక్క మచ్చ ఉంటది. అసొంటిది ఇంకోదానికి ఉంటదా?" అని ముఖం తిప్పుకుంది. ఆమె కళ్లు తుడుచుకోవడం అతను చూడనట్టు నటించాడు.

* * *

కిశోర్‌భాయ్ ఎప్పుడూ నవ్వుతూ ఉండే సన్నటి మనిషి. చొక్కా జేబులో వజ్రాలు చూసే భూతద్దం ఉంటుంది. దిండుగలీబు విప్పి బెల్లాన్ని చేతిలోకి తీసుకోగానే ఏమీ మాట్లాడకుండా ఉత్తరం వైపు కిటికీ దగ్గరికి నడిచాడు. సదానందం కూడా అదే కిటికీకి బయలుదేరడంతో ఇద్దరూ దారిలో గుద్దుకున్నారు. ఒకరినొకరు గౌరవంగా చూసుకున్నారు. రంగు చూడటానికి ఉత్తరపు వెలుగు కావాలని తెలిసిన మనిషి కనబడటం ఇద్దరికీ అరుదే.

భూతద్దం తీసి పొలుసు పొలుసూ చూసి, "కేవు సరస్!" అన్నాడు కిశోర్‌భాయ్. ఎంత బాగుందో అన్నట్టు ఊపిరి వదిలాడు. "కహా సే లాయే?"

"మా బంధువులది," అన్నాడు సదానందం హిందీలో. "ఇది ఇచ్చేస్తాను. దీనంతే ఉన్న బూడిద రంగుది కావాలి."

పసుపుదిచ్చి బూడిదది అడగడం వినగానే కిశోర్‌భాయ్ నవ్వు ఆగింది. "పీలా దేకే గ్రే లేనా హై? పక్కా?"

"పక్కా."

"లేకిన్ భాయ్, యే కలర్ తో..."

సదానందం చెయ్యి అడ్డం పెట్టాడు. కారణాలు అడగొద్దన్నాడు. కిశోర్‌భాయ్ ఇంకోసారి నోరు తెరిచాడు. సదానందం ఇంకోసారి చెయ్యెత్తాడు. నిజానికి కిశోర్‌భాయ్‌కి కూడా ఆ సంగతి మరీ తవ్వాలని లేదు. ఇలాంటి పసుపు పాము కోసమే అతను నెలరోజులుగా దేశమంతా ఫోన్లు చేస్తున్నాడు. ఎవరో కస్టమరుకు మాట ఇచ్చి ఇరుక్కున్నాడు. దేవుడే ఈ మనిషిని దిండుగలీబుతో పంపాడనుకుని, బూడిద రంగు పాములను ఒక్కొక్కటిగా బయటికి తీశాడు.

సదానందం జేబులోంచి గుడ్డముక్క తీసి ప్రతి పాము పక్కనా పెట్టి చూశాడు. మొదటిది కాదు. రెండోదానికి గొంతు కింద పసుపు ఉంది. మూడోదానికీ ఉంది. నాలుగోదానికీ ఉంది.

"వయసొస్తే ఆ రకాలకు గొంతు దగ్గర వస్తుంది, అది మామూలే," అన్నాడు కిశోర్‌భాయ్.

"నాకు వద్దు. అస్సలు పసుపు ఉండకూడదు."

కిశోర్‌భాయ్ కొంచెం ఆలోచించి, లోపలి గదిలోంచి ఐదోది తెచ్చాడు. బొగ్గూ బూడిదా కలిపినట్టున్న పాము. గొంతు కింద కూడా చుక్క పసుపు లేదు. గుడ్డముక్క దాని వీపు మీద పెడితే ఏది గుడ్డో ఏది పామో తెలియలేదు. సదానందం గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. అలాంటి పొంతన అతని ఉద్యోగంలో కూడా రెండు మూడుసార్లకు మించి కుదరలేదు.

* * *

ఆదివారం పదింటికి శ్రీలేఖ తలుపు కొట్టింది. భుజాన ఒక గుడ్డసంచి ఉంది. లోపలికి వచ్చి, లతను కౌగిలించుకుని, నేరుగా పెట్టె దగ్గరికి వెళ్లి వంగింది. సదానందం చేతులు కట్టుకుని, బయ్యరు ముందు నిలబడినట్టు నిలబడ్డాడు.

ఆమె చాలాసేపు చూసింది.

"నిజంగానే ఏమీ మారలేదు!"

"నూలుపోగంత గూడ మారలే బిడ్డా. చెప్పిన కదా."

"మీరేం చేస్తారులెండి అంకుల్, మీ తప్పు కాదు." ఆమె నిట్టూర్చింది. "నాకు అమ్మినవాడు మోసం చేశాడు. నేను కూడా ఊరుకోలేదు. పాములు పెంచేవాళ్ల గ్రూపులో అందరి ముందూ అడిగేశాను. దొంగ అని కూడా అన్నాను. పాపం, మారు మాట్లాడకుండా దీన్ని తిరిగి ఇచ్చేసి ఇంకోటి తీసుకెళ్లమన్నాడు. స్టేషన్ నుంచి వస్తూ వరాఛాలో దిగి తెచ్చుకున్నా. చూడండి, ఇదీ నాకు కావలసింది!"

గుడ్డసంచి విప్పింది. అందులోంచి పసుపు పచ్చటి పాము ఒకటి ఆమె చేతి మీదికి పాకింది. పక్కలకు తేనె రంగు, వీపు మీద గోధుమ మచ్చలు. తల మీద ఈటెమొన.

సదానందం చప్పున లత వైపు తిరిగాడు.

"వామ్మో, మన బెల్లం!" అంది లత.

అని ఊరుకోలేదు. రెండు చేతులూ చాచి దాన్ని తీసుకుంది. "ఎంత చిక్కిపోయినవే! మూడు దినాలు తిండి పెట్టలేదా ఆ హీరాలాయన? పచ్చగైతే ఏందని నేను మొత్తుకున్న. వింటడా ఈ మనిషి? గుడ్డపీలిక పట్టుకోని పోయి మార్చుకోనొచ్చిండు!"

శ్రీలేఖ మెల్లగా ఫోను తీసి, పది నెలల కిందటి మొదటి ఫొటో తెరిచింది. లత చేతిలోని పాము తలనూ ఫొటోలోని తలనూ పక్కపక్కన పెట్టి చూసింది. అదే ఈటెమొన, ఎడమ వైపు అదే చిన్న విరుపు. తర్వాత పెట్టెలోని బూడిద పామును చూసింది. దాని తల మీది మచ్చ వేరేగా ఉంది.

"రంగు మారుతుంది గాని మచ్చల ఆకారం మారదు," అంది తనలో తను అనుకున్నట్టు. "అంకుల్, మీరు దీన్నిచ్చి దాన్ని తెచ్చారా? ఎందుకు?"

"నువ్వే కదా బిడ్డా రంగు మీద కన్నేసి ఉంచమంటివి. మారకుంట చూడాలనుకున్న. నా చేతుల్లనే చెడిపోయె. నీకు ముఖమెట్ల చూపియ్యాలె?"

శ్రీలేఖ సోఫాలో కూర్చుండిపోయింది. నవ్వాలో ఏడ్వాలో ఆమెకు తెలియలేదు. కాసేపటికి నవ్వే వచ్చింది.

"చెడిపోవడం కాదంకుల్, అసలు రంగు రావడమే అది! ఈ రకం పిల్లగా ఉన్నప్పుడు ఇలా బూడిదగానే ఉంటుంది. దీని ఒంట్లో ఎరుపు తయారు కాదు. వయసొచ్చే కొద్దీ పసుపు పైకి తేలుతుంది. చివరికి పాకం పట్టిన బెల్లంలా అవుతుంది. అందుకే ఆ పేరు పెట్టాను. రంగు మీద కన్నేసి ఉంచమన్నది ఎలా మారుతుందో చూడమని!"

సదానందం నోరు తెరుచుకుని విన్నాడు. మార్పు కోసం ఎదురుచూసే బయ్యరును అతను జీవితంలో చూడలేదు.

శ్రీలేఖ నవ్వు తగ్గింది. బెల్లం వీపును వేలితో నిమురుతూ, "అంతా అయిపోయాక చూస్తున్నా. మధ్యలో ఎలా ఉందో నాకు తెలియనే లేదు. దీన్ని తెచ్చుకున్నదే అది చూడటానికి," అంది. ఆ మాటలో కోపం లేదు. అందువల్లే అతనికి ఎక్కువ తగిలింది.

సదానందం వచ్చి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"నేను చెప్త విను. మూడో నెల మూడో వారం, గొంతు కింద నిమ్మతొక్క లోపలి దిక్కు ఎట్లుంటది, గంత పసుపు. మొదలు ఎడమ దవడకు వచ్చింది, నాలుగు దినాలకు కుడి దిక్కు. కుబుసం ఇడిసినంక పొద్దుటి ఎండల ఒక తీరు, మాపటికి ఒక తీరు. ఐదో నెల పక్కలకు జున్నుపాల రంగు..."

"జున్ను కాదు, పెసరపప్పు నానబెట్టినట్టు," అంది లత.

"అది ఆరో నెల. నల్ల అంచులు మాత్రం ఏడో నెల దాక గట్టిగున్నయ్. ఒకనాడు చూస్తే ఉల్లిపొట్టు లెక్కయినయ్."

శ్రీలేఖ సంచిలోంచి కాగితం తీసి రాసుకోవడం మొదలుపెట్టింది. మధ్యలో ఆపి ప్రశ్నలడిగింది. తోక వైపు ముందా, తల వైపు ముందా? కుబుసం ముందు మాసిపోయినప్పుడు పసుపు కనబడేదా? సదానందం దేనికీ తడుముకోలేదు. పది నెలలు దొంగచాటుగా చూసిందంతా ఇప్పుడు బాహాటంగా చెప్పుకుంటూ, చేతులు తిప్పుతూ, గంటన్నర మాట్లాడాడు. శ్రీలేఖ కోసం తెచ్చిన లోచో ఆరిపోయింది. లత ఎప్పుడో లేచి ఎలుకను కరిగించి బెల్లానికి పెట్టి, దాన్ని దాని పెట్టెలోకి చేర్చింది. బూడిద పామును గుడ్డసంచిలోకి మార్చింది.

"దీన్నేం చేద్దాం? ఆయనకు తిరిగి ఇవ్వాలి. మీకు కావాలంటే అడిగి చూస్తాను, ఉంచుకోండి," అంది శ్రీలేఖ.

సదానందం సంచిలోకి చూశాడు. తను గుడ్డముక్క పెట్టి ఏరి తెచ్చిన, చుక్క తేడా లేని శేడు.

"ఇది ఏ రంగుకు మారుతది?"

"ఇది పెద్దగా మారదంకుల్. ఇలాగే ఉంటుంది."

"ఎన్నేండ్లైనా?"

"ఎన్నేళ్లయినా."

"గట్లైతే వద్దు బిడ్డా," అన్నాడు సదానందం. "దీన్ల చూసేదేమున్నది?"

ఆ తర్వాత శ్రీలేఖ కిశోర్‌భాయ్‌కి ఫోను చేసి, దొంగ అన్నందుకు క్షమించమంది, అదే మాట గ్రూపులోనూ రాసింది. దిండుగలీబు మనిషి ఏదో పొరపాటు పడుతున్నాడని అనుమానం వచ్చినా, తన అవసరం కొద్దీ గట్టిగా చెప్పకుండా ఊరుకున్నానని కిశోర్‌భాయ్ ఆమెను క్షమించమన్నాడు. పాత ఫొటోలు పంపినందుకు సదానందం శ్రీలేఖను క్షమించమన్నాడు. సరిగా చెప్పకుండా కారెక్కినందుకు శ్రీలేఖ అతన్ని క్షమించమంది. ఇక మిగిలింది బెల్లం ఒక్కటేనని సదానందం పెట్టె దగ్గరికి వెళ్లాడు గాని, అది ఎలుక మింగి ఉందని, రెండు రోజుల దాకా ఎవరినీ కలవదని డాక్టరమ్మ చెప్పింది.